ఎవరి గీత? – మన బళ్ళలో డ్రాయింగు పీరియడు కథ

మోతీనగర్‌లో మేముండే మేడకు పై వాటాలో ఒక చిన్న కుటుంబం ఉంటుంది. ఇంటాయన సినిమా సెట్టింగులకు రంగులు వేస్తాడు. గోదావరి ప్రాంతం నుంచి పొట్టకూటికి వచ్చి పదిహేనేళ్ళయింది. ఇటు ఎర్రగడ్డ, అటు బోరబండ, మధ్యన మా కాలనీ. సినిమా తీసేవారు ఫిల్మ్‌నగర్‌లోనూ జూబ్లీహిల్స్‌లోనూ ఉంటే, ఆ సినిమాకు మేకులు కొట్టేవారు, ప్లాస్టర్ పోతలు పోసేవారు, రంగులు పూసేవారు యూసుఫ్‌గూడ, కృష్ణానగర్, మోతీనగర్ వాటాలలో సర్దుకొని ఉంటారు. ఆయన కూతురు నాలుగో తరగతి. నన్ను "తాతగారూ" అంటుంది. కిందటి డిసెంబరులో వాళ్ళ బళ్ళో చిత్రకళా ప్రదర్శన పెట్టారని, తప్పక రావాలని పిలిస్తే వెళ్ళాను. ఈ వ్యాసం ఆ పిలుపు వల్ల పుట్టినదే.

రెండు గదులనిండా చార్టులు. ఒక గోడ మీద త్రికోణాల మనుషులు గుండ్రంగా తిరుగుతూ నాట్యం చేస్తున్నారు, కింద "వార్లీ" అని రాసి ఉంది. పక్క గోడ మీద చేపకన్నుల స్త్రీలు, "మధుబని". ఇంకో మూల కాగితపు పళ్ళాలకు కళ్ళూ నోరూ కత్తిరించి, నల్లరంగు పూసి, "ఆఫ్రికన్ మాస్కులు" అన్నారు. ఆఫ్రికా అనేది ఒక ఊరన్నట్లు! వాన్ గో గారి నక్షత్రాల రాత్రి పదకొండు చోట్ల కనిపించింది (లెక్కపెట్టాను). మా పై వాటా పిల్లకు ఈజిప్టు వంతు వచ్చింది. చేతులు ముందుకూ వెనక్కూ చాచిన రాజు, పక్కన పక్షి తల దేవుడు. చార్టు చాలా బాగుంది. పిల్ల వయసుకు మించి బాగుంది. "ఎలా వేశావమ్మా?" అని అడిగితే, "నాన్న నేర్పించారు. నాన్న ఒక పాట సెట్టింగులో ఇవన్నీ వేశారుగా!" అంది. ఈజిప్టు సమాధి గోడ మీది బొమ్మ ఏదో పుస్తకంలోకి, పుస్తకంలో నుంచి కళాదర్శకుడి కంప్యూటరులోకి, అందులో నుంచి ప్లైవుడ్డు మీదికి, ప్లైవుడ్డు నుంచి ఆ తండ్రి జ్ఞాపకంలోకి, అక్కడి నుంచి మోతీనగర్ చార్టు మీదికి వచ్చి చేరిందన్నమాట. ఎంత ప్రయాణం!

ఇంటికి వస్తూ దారిపొడవునా ఒకటే ఆలోచన. మన బడిపిల్లల చేత బొమ్మలు వేయించడం ఎప్పుడు మొదలయింది? ఎవరి బొమ్మలు వేయించారు? నాకు తెలిసినంతలో ఆ కథను ఇక్కడ చెప్పే ప్రయత్నం చేస్తాను.

మొదట నా సంగతి. నేను చదివింది కృష్ణా జిల్లాలో ఒక హైస్కూలు. మా డ్రాయింగు మాస్టారు బోర్డు మీద సుద్దముక్కతో ఒక మామిడికాయ గీసేవారు. ఎడమపక్క వంపు, కుడిపక్క వంపు, మధ్యన నిలువు గీత చెరిపేసిన గుర్తు. మేమందరం దాన్ని చూసి దించేవాళ్ళం. బడి ఆవరణలోనే మామిడిచెట్టు ఉంది. ఒకనాడు నేను నా మామిడికాయకు తొడిమ దగ్గర సొన కారి ఎండిన మచ్చ పెట్టాను. మాస్టారు నోటుబుక్కు చూసి, "ఇది నా బోర్డు మీద ఉందా?" అని అడిగారు. లేదండీ అన్నాను. రబ్బరుతో చెరిపించారు. ఆయన చెడ్డవారు కారు. ఆయన చదువుకున్న చదువు అది. హయ్యర్ గ్రేడు పరీక్షకు తాను గీసి గీసి చేయి తిప్పుకున్న ఆకొకటి చెబుతుండేవారు. గ్రీకు స్తంభాల తలలమీద చెక్కే ఆకాంథస్ ఆకు అది. ఆ మొక్కను ఆయన జన్మలో చూసి ఉండరు. ఆయన గురువుగారూ చూసి ఉండరు.

ఆ ఆకు బందరు పక్క పల్లెటూరికి ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే లండను వెళ్ళాలి. 1851లో అక్కడ జరిగిన మహాప్రదర్శనలో ఇంగ్లండు యంత్రాలు గెలిచాయి, ఇంగ్లండు డిజైన్లు వెలవెలబోయాయి. భారతదేశం నుంచి వెళ్ళిన బట్టలూ పాత్రలూ చూసి అక్కడి పండితులే ముక్కున వేలేసుకున్నారు. తమ పనివాళ్ళకు గీత నేర్పకపోతే వ్యాపారం దెబ్బతింటుందని తోచి, హెన్రీ కోల్ నాయకత్వాన ఒక ప్రభుత్వ శాఖ ఏర్పడింది. సౌత్ కెన్సింగ్టన్ పద్ధతి అని పేరుపడ్డ ఆ శిక్షణలో 23 మెట్లు. సరళరేఖతో మొదలై, అచ్చుబొమ్మలను దించడం, ప్లాస్టరు నమూనాలను దించడం, నీడలు దిద్దడం... ఇలా ఎన్నో మెట్లెక్కితేగాని ఎదుటి మనిషిని చూసి గీయడానికి అర్హత రాదు. సొంత ఊహకు చోటు మరీ చివరన. కర్మాగారానికి కావలసింది తడబడని చేయి. ఊహ కాదు. ఆ లెక్కన చూస్తే పద్ధతి సరైనదే!

మద్రాసులో అలెగ్జాండర్ హంటర్ అనే సైనిక వైద్యుడు అంతకు ఒక ఏడాది ముందే, 1850లో, సొంతంగా ఒక కళాపాఠశాల తెరిచాడు. కొద్దికాలానికే ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. ఆ తర్వాత అక్కడా ఈ పద్ధతే రాజ్యమేలింది. మన జిల్లాలన్నీ అప్పుడు మద్రాసు రాజధానిలో భాగం. డ్రాయింగు లోయరు, హయ్యరు అనే సాంకేతిక పరీక్షలు ఆ కాలపు వారసత్వమే. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఆ పరీక్షలు నేటికీ జరుగుతూనే ఉన్నాయి. అచ్చులో ఉన్న ఆకు మాస్టారి చేతికి, మాస్టారి చేతి నుంచి బోర్డుకు, బోర్డు నుంచి పిల్లవాడి పలకకు... నా మామిడికాయ మచ్చను చెరిపించిన చేయి మా మాస్టారిది కాదనీ, చాలా దూరంనుంచి చాచిన చేయి అనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. మద్రాసు పాఠశాలకు పెద్దగా పనిచేసిన ఇ.బి. హావెల్ 1896లో కలకత్తా కళాపాఠశాలకు వెళ్ళి, అక్కడి ఐరోపా ప్లాస్టరు బొమ్మలను పక్కనబెట్టి, మొగలాయి చిత్రాలు కొని తెచ్చి, "మీ దేశపు కళ ఇది, దీన్ని చూడండి" అన్నాడు. విద్యార్థులు సంతోషించారా? లేదు. నిరసించారు. మాకు అసలైన పాశ్చాత్యశిక్షణ దక్కకుండా చేస్తున్నాడని పత్రికలు కూడా తిట్టిపోశాయి. అప్పటికి "అసలైన కళ" అంటే ఏమిటో రెండు తరాలు పరాయిబొమ్మను చూసి నేర్చుకొని ఉన్నాయి. హావెల్‌కు తోడు నిలిచినవాడు అవనీంద్రనాథ ఠాకూర్. వంగశైలి అని మనం పిలిచే తడిపొగమంచు వంటి రంగుల పద్ధతి ఆయన దగ్గర రూపుదిద్దుకున్నది. దాన్ని మనవాళ్ళు స్వదేశీ కళ అని నెత్తిన పెట్టుకున్నారు. అయితే ఆ తడిరంగుల కిటుకు ఆయనకు పట్టుబడింది 1903లో కలకత్తా వచ్చిన యొకొయామా తైకాన్, హిషిదా షున్సో అనే జపాను చిత్రకారుల పని చూసిన తర్వాత. స్వదేశీకి కూడా ఒక విదేశీ మేనమామ ఉన్నాడన్నమాట. ఇందులో సిగ్గుపడవలసినదేమీ లేదు. అవనీంద్రుడు తన ఎదుట కూర్చుని గీసే మనిషిని చూసి నేర్చుకున్నాడు. ఎవరి దగ్గర ఏమి తీసుకుంటున్నదీ ఆయనకు తెలుసు.

తెలుగునాట ఈ మలుపు రెండు ఊళ్ళలో వచ్చింది. ఒకటి రాజమహేంద్రవరం. ఆస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు 1909 నుంచి 1919 వరకు అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు. ఆయన చెప్పింది ఇంగ్లీషు. చేసింది మరొకటి. తాను స్వయంగా బొమ్మలు వేసేవాడు, శిష్యులను వేయమనేవాడు, గోదావరి ఒడ్డును కళ్ళారా చూడమనేవాడు. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు ఆయన శిష్యులు. దామెర్ల రామారావులోని ప్రతిభను గుర్తించి, 1916లో బొంబాయి జె.జె. కళాశాలలో చేరడానికి తోడ్పడింది ఆయనే. రామారావు ఆ చదువు ముగించుకొని తిరిగి వచ్చి, ఊళ్ళోనే చిత్రకళాశాల పెట్టాడు. భార్య సత్యవాణి బొమ్మలు వేసింది, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ వేసింది, మిత్రుడు వరదా వెంకటరత్నం వేశాడు. ఒక ఇల్లు ఇల్లంతా, ఒక వీధి వీధంతా బొమ్మలు వేస్తున్న ఆ కాలం తలచుకుంటేనే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. రామారావు బొంబాయి గీతను పూర్తిగా వదిలిపెట్టలేదు, వంగశైలి పొగమంచులోకీ దిగలేదు. "పుష్పాలంకరణ", "సిద్ధార్థ రాగోదయం" చూసినవారికి ఆ స్త్రీలు గోదావరి తీరపు స్త్రీలని ఎవరూ చెప్పనక్కరలేదు. 1925 ఫిబ్రవరిలో మశూచి ఆయనను తీసుకుపోయింది. 28 ఏళ్ళు ఇంకా నిండలేదు. ఆయన పేరిట రాజమహేంద్రవరంలో ఉన్న చిత్రశాలకు ఆ ఊరు వెళ్ళినవారు పుష్కరాలరేవుతో పాటు ఒక గంట కేటాయించవలసిందిగా నా మనవి.

రెండవ ఊరు బందరు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. సర్కారు చదువుకు బదులు మన చదువు, చేతిపనితో కలిసిన చదువు చెప్పాలన్నది వారి పట్టుదల. వడ్రంగం, నేత వంటి పనులతో పాటు అక్కడ చిత్రకళ కూడా ఉండేది. అవనీంద్రుని సంప్రదాయం నుంచి వచ్చిన ప్రమోదకుమార చటర్జీ ఇరవైలలో అక్కడ చిత్రకళ నేర్పాడు. అడివి బాపిరాజు ఆయన దగ్గర వంగశైలి అభ్యసించి, తర్వాత తానే అక్కడ అధ్యాపకుడయ్యాడు. ఈ కళాశాల గేటు దాటి కొంతదూరం పోతే పెడన వైపు అద్దకం పనివాళ్ళు కలంకారీ దుప్పట్ల మీద చెక్క అచ్చులు వేస్తూ ఉండేవారు. ఆ అచ్చులలోని తీగలూ సరుగుచెట్లూ గోల్కొండ నవాబుల కాలంలో పర్షియా అభిరుచికి తగ్గట్టు అల్లుకున్నవి. ఆ బట్ట ఓడలెక్కి ఐరోపా ఇళ్ళ పరదాలయింది. అంటే బందరువాడి చేతికి ప్రపంచశైలులు కొత్త కాదు. ఎవరికోసం చేస్తున్నాడో తెలిసి, కొనేవాడి రుచి తెలిసి, తన రంగుకుండలో ముంచి మరీ చేసేవాడు. అయితే కళాశాలలోని పిల్లవాడికి వంగదేశపు పొగమంచు నేర్పడానికి గురువు కలకత్తా నుంచి వచ్చాడు, పెడన పనివాడి అచ్చు మాత్రం "కళ" జాబితాలోకి రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

హైదరాబాదు కథ ఇంకా చిత్రమైనది. అజంతా గుహలు అప్పటికి నిజాం రాజ్యంలో ఉన్నవి. ఆ గోడబొమ్మలను దించడమే ఒక శతాబ్దపు పని. రాబర్ట్ గిల్ అనే సైనికాధికారి 1844 నుంచి ఏళ్ళ తరబడి గుహలలో కూర్చుని నకళ్ళు వేస్తే, 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో అవి చాలావరకు బూడిదయ్యాయి. జాన్ గ్రిఫిత్స్ బొంబాయి విద్యార్థులను వెంటబెట్టుకొని 1872 నుంచి మళ్ళీ వేస్తే, సౌత్ కెన్సింగ్టన్‌లో 1885లో వాటిలో చాలా భాగం కాలిపోయాయి. 1909–11 మధ్య లేడీ హెరింగ్‌హామ్ మళ్ళీ పూనుకున్నది. ఆమె జట్టులో కలకత్తా నుంచి నందలాల్ బోస్ ఉన్నాడు, హైదరాబాదు నుంచి సయ్యద్ అహమ్మద్ ఉన్నాడు. నాంపల్లి పబ్లిక్‌గార్డెన్సు మ్యూజియంలో నేను యువకుడిగా ఉన్నప్పుడు చూసిన అజంతా నకళ్ళు ఆ సుదీర్ఘ పరిశ్రమకు చెందినవే. అదే తోటలో, కొద్ది అడుగుల దూరంలో, జవహర్ బాలభవన్. అరవైల నుంచి ఈ నగరపు పిల్లలు వేసవి సెలవులలో బొమ్మలు నేర్చుకున్నది అక్కడ. ఈ కథ పై వాటా పిల్లకు చెప్పాను. అంతా విని, "అయితే వాళ్ళది కూడా ప్రాజెక్టు వర్కేనా తాతగారూ?" అని అడిగింది. అవునమ్మా, మార్కులు మాత్రం రెండుసార్లు కాలిపోయాయి అన్నాను.

నవ్వులాటకు అన్నా, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. చూసి దించడం తప్పు అని నేను అనలేను. వాన్ గో నక్షత్రాలను పదకొండు మంది దించారని వేళాకోళం చేశాను గాని, ఆ వాన్ గో 1887లో పారిసులో హిరోషిగే అనే జపాను చిత్రకారుడి అచ్చుబొమ్మలు తీసుకొని, పలచని కాగితం మీద గీతలు ఎత్తి, గళ్ళు కొట్టి, కాన్వాసు మీదికి పెద్దవి చేసుకున్నవాడే. పూచిన రేగువంటి చెట్టు ఒకటి, వానలో వంతెన ఒకటి. గళ్ళు కొట్టడం అంటే గుర్తొచ్చింది. పూర్వం సినిమా బ్యానర్లు వేసేవారు స్టిల్ ఫోటో మీద గళ్ళు గీసి, ముప్ఫై అడుగుల గుడ్డ మీద అవే గళ్ళు పెద్దవిగా గీసుకొని, గడి గడికీ కథానాయకుడి ముఖం పూర్తిచేసేవారు. మా పై వాటా ఆయన కూతురికి నేర్పించిందీ ఇదే. తమాషా ఏమిటంటే, ఈజిప్టువాళ్ళూ సరిగ్గా ఇలాగే చేసేవారు! సమాధిగోడ మీద ఎర్రరంగు తాడుతో గళ్ళు కొట్టి, నిలబడ్డ మనిషికి అరికాలి నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటిదాకా 18 గళ్ళు అని లెక్క పెట్టుకొని గీసేవారు. తండ్రికి ఆ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే మావాళ్ళేనన్నమాటండి" అన్నాడు.

బడిలో ఆ పిల్లకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఈజిప్టు అంటే పక్షితల, కంటికి కాటుక, చుట్టూ బంగారు అంచు అని మాత్రమే తెలిసింది. వార్లీ గోడ దగ్గరా అదే లోటు. ఠాణే జిల్లా కొండలలో పెళ్ళింట సువాసినులు మట్టిగోడ మీద బియ్యప్పిండి నీళ్ళతో పెట్టే మంగళచిత్రం అది. మగవాడైన జివ్య సోమ మశే 1970ల నుంచి రోజువారీ జీవితాన్ని కాగితం మీద అలా వేయడం మొదలుపెడితే ప్రపంచం తిరిగి చూసింది. 2011లో పద్మశ్రీ వచ్చింది, 2018లో కన్నుమూశాడు. మధుబని వెనక ఒక భూకంపం ఉంది, ఒక కరువు ఉంది. 1934లో బీహారులో ఇళ్ళు కూలినప్పుడు పగిలిన గోడల మీద ఆ బొమ్మలను చూసి విలియం ఆర్చర్ అనే అధికారి నివ్వెరపోయాడు. 1966–67 కరువులో కూలి దొరకని ఆడవాళ్ళకు నాలుగు డబ్బులు వస్తాయని చేతిపనుల బోర్డు వారి చేతికి కాగితం ఇచ్చింది. ఆకలికి కాగితం ఎక్కిన బొమ్మ అది. నాలుగో తరగతి పిల్లలకు ఇది చెప్పకూడని విషయమేమీ కాదు. కథలాగా చెబితే నోరు తెరుచుకొని వింటారు. బొమ్మ ఎవరు వేశారు, ఎందుకు వేశారు అన్నది తీసేస్తే మిగిలేది త్రికోణాలూ చేపకన్నులూ. అప్పుడు అది మా మాస్టారి ఆకాంథస్ ఆకుకన్నా ఏ విధంగా మేలు? ఆకు ఇంగ్లండు నుంచి వచ్చింది, త్రికోణాలు ఫోను నుంచి వచ్చాయి.

పిల్లల బొమ్మను పిల్లల బొమ్మగా చూడమన్నవాళ్ళు లేకపోలేదు. వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ 1897లో పిల్లల తరగతి పెట్టి, "వాళ్ళను వేయనివ్వండి" అన్నాడు. మనదేశంలో సేవాగ్రామంలో గాంధీగారి నయీ తాలీం బడిలో దేవీప్రసాద్ 1944 నుంచి పల్లెపిల్లల చేత స్వేచ్ఛగా బొమ్మలు వేయించాడు. ఢిల్లీలో వ్యంగ్యచిత్రకారుడు శంకర్ 1949లో పిల్లల చిత్రలేఖన పోటీ మొదలుపెడితే, అది దేశదేశాల పిల్లలకూ పాకింది. తెలుగువారికి రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి ఉన్నారు. మద్రాసులో 1945లో వారు ప్రారంభించిన "బాల" పత్రికలో సత్తిరాజు లక్ష్మీనారాయణ అనే పన్నెండేళ్ళైనా నిండని పిల్లవాడి బొమ్మ అచ్చయింది. అదే ఏడాది ఆ పత్రికలోనే ముళ్ళపూడి వెంకటరమణ మొదటి కథ. ఆ బాపు, ఆ రమణ తర్వాత తెలుగు సినిమాకు ఏమి ఇచ్చారో ఫిల్మ్‌నగర్ పక్కన ఉండి నేను వివరించనక్కరలేదు. అన్నట్లు, బాపిరాజు కూడా సినిమాలకు కళాదర్శకత్వం చేశాడు. "అనసూయ", "ధ్రువ విజయం" వంటివి, 1936 నాటి మాట. డ్రాయింగు తరగతికీ సినిమా సెట్టింగుకూ చుట్టరికం మొదటినుంచీ ఉన్నదే.

మన పక్కనే, తెలంగాణలోనే, బడి డ్రాయింగు మాస్టరుగా ఉంటూ ఈ ముడి విప్పినవాడు ఒకరున్నారు. సిద్దిపేట కాపు రాజయ్య (1925–2012). హైదరాబాదు కళాపాఠశాలలో చదివినా, ఆయన గీతకు ప్రాణం పోసింది నకాషీ చిత్రకారుల పని. సిద్దిపేటకు దగ్గరలోనే చేర్యాల. చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టించిన గుడ్డ మీద ఎర్రని నేల వేసి, మార్కండేయుని కథ పద్మశాలీలకు, ఇంకొక పురాణం గొల్లలకు, మరొకటి గౌడులకు, కులకులానికీ వేరు వేరు పటాలు వేసేవారు. కథ చెప్పేవాడు ఊరూరా ఆ పటం విప్పుతూ పాడేవాడు. కొబ్బరిచిప్ప మీద రంపపుపొట్టు, చింతగింజల ముద్ద మెత్తి ముఖాలు చేయడం కూడా వారి పనే. రాజయ్య బోనాలు, బతుకమ్మ, వడ్డెర దంపతులు వేశాడు. నకాషీని దించలేదు, దాని దగ్గర చూడటం నేర్చుకున్నాడు. మోతీనగర్ బడి గోడ మీద కాగితపుపళ్ళాల ఆఫ్రికా ముఖాలను చూసినప్పుడు, వంద కిలోమీటర్ల లోపు ఉన్న చేర్యాల కొబ్బరిచిప్ప ముఖాలు గుర్తొచ్చి కొంచెం బాధ కలిగిన మాట నిజం. ఆఫ్రికా వద్దని కాదు. రెంటినీ పక్కపక్కన పెడితే పిల్లలకు ఎన్ని ప్రశ్నలు పుట్టేవో కదా అని.

ఈ మాట ఆ తరగతి టీచరమ్మతో అందామనుకున్నాను. ఆమె చేతిలో జిగురుసీసా, భుజాన ఎవరిదో నీళ్ళసీసా, పక్కన ఏడుస్తున్న ఒకటో తరగతి పిల్ల. నలభై రెండు మందికి తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం చెప్పేది ఆమే. బొమ్మలు వేయించేదీ ఆమే. ఆమె బొమ్మలు నేర్చుకున్న మనిషి కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం కూడా చిత్రకళకు పార్ట్‌టైం బోధకుడిని చెప్పింది ఆరు నుంచి ఎనిమిది తరగతులకే, అదీ నూరుమందికి పైగా పిల్లలున్న బడికే. ఒకటి నుంచి ఐదు వరకు ఎవరూ లేరు. పదో తరగతి వరకు కళలు తప్పనిసరి పాఠ్యాంశం కావాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పి ఇరవై ఏళ్ళు దాటింది. ఆమెను నేనేమి అడగను? "చాలా బాగా చేయించారమ్మా" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆమె మొహంలో అలసట తీరినట్లు కనిపించింది.

బయటికి వచ్చేటప్పుడు పిల్ల నా చేయి లాగి, ఎవరూ వినకుండా, "తాతగారూ, నా చార్టుకు వెనకవైపు ఇంకో బొమ్మ ఉంది" అంది.

"ఏం బొమ్మ?"

"నాన్న కర్రల మీద నిలబడి ఆకాశం వేస్తున్నట్టు. సెట్టింగులో ఆకాశం."

"మరి మీ టీచరుగారికి చూపించలేదా?"

"ఈజిప్టు కాదుగా," అంది.

చార్టు నాలుగు మూలలా జిగురుతో గోడకు అంటించి ఉంది. మూల పట్టుకొని కొంచెం ఎత్తి చూద్దామంటే చిరుగుతుందని భయమేసింది. పిల్ల కూడా వద్దంది. ప్రదర్శన మూడు రోజులు. నాలుగోనాటి సాయంత్రం చార్టు చుట్టి చంకలో పెట్టుకొని మెట్లెక్కుతుంటే ఆపి చూశాను. ఈజిప్టు రాజు క్షేమం. వెనకవైపు నాలుగు మూలలా పొర లేచిపోయింది. వెదురు పరంజా మీద ఒక మనిషి, చేతిలో కుంచె, నడుముకు కట్టిన గుడ్డ, కింద ఒక టీ గ్లాసు. మనిషి వీపు మాత్రమే కనిపిస్తుంది. ఆయన వేస్తున్న ఆకాశం సగమే అయింది, మిగతా సగం ప్లైవుడ్డు రంగు. మేకుల తలలు కూడా వేసింది. ఎడమవైపు పై మూలన ఆకాశం చిరిగి, కింద తెల్లకాగితం బయటపడింది.

"నీలం కాగితం ఉందా తాతగారూ, అతికిస్తాను" అని అడిగింది. నా దగ్గర లేదు. రాత్రి తొమ్మిదింటికి వాళ్ళ నాన్న డ్యూటీ నుంచి వచ్చిన చప్పుడు వినిపించింది. కాసేపటికి పిల్ల కిందికి దిగివచ్చి, తలుపు తట్టి, "నాన్న డబ్బాలో రంగు మిగిలిందట, అదే వేస్తారట" అని చెప్పి, చెప్పులైనా లేకుండా మళ్ళీ పైకి పరుగెత్తింది.